గామా పహిల్వాన్, ఫ్రాంక్ గాచ్ తలపడి ఉంటే గెలుపెవరిది?

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల పక్కన జిమ్‌లలోనైనా, పంజాగుట్ట హోటళ్లలో చాయ్ ముందైనా కుర్రాళ్లు కూర్చుంటే ఒక వాదన తప్పకుండా వస్తుంది. ముహమ్మద్ అలీ, మైక్ టైసన్ ఇద్దరూ మంచి వయసులో ఉండగా ఎదురుపడితే ఎవరు గెలిచేవారు? ఒకరిది కాళ్ల వేగం, ఇంకొకరిది పిడికిలి బలం. అయితే ఇంతకంటే పాత వాదన ఒకటి పహిల్వాన్ల లోకంలో ఉంది. అది గామా పహిల్వాన్, అమెరికా మల్లయోధుడు ఫ్రాంక్ గాచ్ గురించి. ఒకే కాలంలో బతికిన ఈ ఇద్దరూ ఒక్కసారి కూడా తలపడలేదు.

గామా అసలు పేరు గులాం ముహమ్మద్ బఖ్ష్. 1878లో అమృత్‌సర్ ప్రాంతంలో, కశ్మీరీ మూలాలున్న పహిల్వాన్ల ఇంట్లో పుట్టాడు. ఆరేళ్లకే తండ్రి పోయాడు. పదేళ్ల వయసులో జోధ్‌పూర్ మహారాజు పెట్టిన బైఠక్‌ల పోటీకి వెళ్లాడు. నాలుగు వందల మందికి పైగా వచ్చిన ఆ పోటీలో చివరి దాకా నిలిచిన కొద్దిమందిలో ఆ పిల్లాడూ ఉన్నాడు. వయసు చూసి మహారాజు అతన్నే విజేత అన్నాడు. తర్వాత దతియా సంస్థానం చేరదీసింది. రోజూ వేలకొద్దీ బైఠక్‌లు, దండ్‌లు తీసేవాడని, పాలు, బాదం లేకుండా అతనికి పొద్దు గడిచేది కాదని చెబుతారు.

తెలుగునేల మీద వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామమూర్తి నాయుడు బలప్రదర్శనలతో పేరు తెచ్చుకున్నదీ ఇంచుమించు ఆ కాలంలోనే. అయితే రామమూర్తిది గొలుసులు తెంచే బలం, గామాది ఎదుటి మనిషిని పడగొట్టే విద్య. పదిహేడేళ్లకే గామా, దాదాపు ఏడడుగుల ఎత్తున్న రహీం బఖ్ష్ సుల్తానీవాలాను సవాల్ చేశాడు. గామా ఎత్తు అయిదడుగుల ఏడు అంగుళాలు. గంటలు గడిచినా ఆ పోటీ తేలలేదు. చాలా ఏళ్ల తర్వాత అలహాబాద్‌లో సుల్తానీవాలాను ఓడించి రుస్తుం-ఎ-హింద్ అయ్యాడు.

లండన్ ప్రయాణం

1910లో తమ్ముడు ఇమాం బఖ్ష్‌తో కలిసి గామా లండన్ వెళ్లాడు. ఖర్చు ఒక బెంగాలీ ధనికుడు పెట్టుకున్నాడు. తీరా వెళ్తే ఎత్తు చాలదని పోటీలోకి రానివ్వలేదు. దాంతో గామా అక్కడివాళ్లకే సవాల్ విసిరాడు: ఏ బరువువాళ్లయినా సరే, ముగ్గురిని అరగంటలో పడగొడతానని. మొదట ఎవరూ నమ్మలేదు. చివరికి అమెరికన్ డాక్టర్ బెంజమిన్ రోలర్ ముందుకొచ్చాడు. గామా అతన్ని మొదటిసారి రెండు నిమిషాల్లోపే, రెండోసారి పది నిమిషాల్లోపే చిత్తు చేశాడు.

అసలు పరీక్ష సెప్టెంబర్ 10న జరిగింది. ఎదురుగా పోలండ్ వీరుడు స్టానిస్లాస్ జ్బిష్కో. పందెం 250 పౌండ్లు, జాన్ బుల్ బెల్టు. పోటీ మొదలైన కాసేపటికే జ్బిష్కో చాపకు అతుక్కుని పడుకున్నాడు. రెండున్నర గంటలు దాటినా గామా అతన్ని వెల్లకిలా తిప్పలేకపోయాడు. పోటీ డ్రా. వారం తర్వాత మళ్లీ పెడితే జ్బిష్కో రాలేదు. బెల్టు గామాకే ఇచ్చారు.

లెక్క ఇక్కడే చిక్కు

గాచ్ అభిమానులు పట్టుకునేది ఈ డ్రానే. ఎందుకంటే అదే జ్బిష్కోను అదే ఏడాది జూన్‌లో చికాగోలో గాచ్ వరుసగా రెండుసార్లు ఓడించాడు. మొదటిసారి కొన్ని సెకన్లే పట్టింది. అయితే జ్బిష్కో కరచాలనానికి చెయ్యి చాచిన క్షణంలోనే గాచ్ మీద పడ్డాడని అప్పుడే గొడవ అయింది. రెండో పట్టుకు మాత్రం దాదాపు అరగంట పట్టింది. రోలర్‌ను కూడా గాచ్ ఓడించినవాడే. రష్యా సింహం హ్యాకెన్‌ష్మిట్‌ను 1908లో, 1911లో రెండుసార్లు గెలిచాడు.

ఇద్దరి విద్య వేరు. గామాది అఖాడా మట్టిలో పెరిగిన కుస్తీ. నిలబడి పట్టు పట్టడం, మెరుపులా పడేయడం, వీపు నేలకు ఆనించడం, అంతే. గాచ్‌ది చాప మీద కాళ్లు, కీళ్లు మెలిపెట్టే పద్ధతి. కాలి బొటనవేలి వైపు పాదాన్ని తిప్పి పట్టే పట్టుకు అతను పెట్టింది పేరు. కాబట్టి మట్టిలో, మన నియమాలతో అయితే మొదటి పది నిమిషాల్లో గామాను ఆపడం కష్టం. చాప మీద, పోరు నేలబారుకు దిగి సాగితే గాచ్‌కే మొగ్గు. జ్బిష్కోతో జరిగింది చూస్తే నేల మీద పడుకున్నవాడిని తిప్పడం గామాకు అంత సులువు కాదని తేలింది. ఇది ఒప్పుకుంటే గామా గొప్పతనం ఏమీ తగ్గదు.

మరి ఆ పోటీ ఎందుకు జరగలేదు? గామా లండన్ నుంచి పేరున్న ఛాంపియన్లందర్నీ పిలిచాడు. గాచ్ అమెరికా దాటి రాలేదు. అదే 1910 జూలైలో నల్లజాతి బాక్సర్ జాక్ జాన్సన్ తెల్లజాతి జెఫ్రీస్‌ను ఓడిస్తే అమెరికాలో అల్లర్లు జరిగాయి. బ్రిటిష్ పాలన కింది మనిషి తెల్లవాళ్లను వరుసగా పడగొట్టడం అప్పట్లో ఆట ఒక్కటే కాదు. గాచ్ 1917లో నలభై ఏళ్లకే చనిపోయాడు. ఆ తలుపు అలా మూతపడింది.

జ్బిష్కో లెక్క మాత్రం గామా తేల్చుకున్నాడు. 1928 జనవరిలో పటియాలా మహారాజు పెట్టిన పోటీలో అతన్ని నిమిషంలోపే పడేశాడు. అప్పటికి ఇద్దరికీ యాభై దగ్గరపడుతోంది.

ఆఖరి బరి

దేశ విభజన సమయానికి గామా లాహోర్‌లో ఉన్నాడు. 1947లో అల్లరిమూక వస్తే తన శిష్యులతో వీధికి అడ్డంగా నిలబడి హిందూ కుటుంబాలను కాపాడాడని, తిండి సామాను ఇచ్చి సరిహద్దు దాకా సాగనంపాడని చెబుతారు. చివరి రోజుల్లో డబ్బుకు, ఆరోగ్యానికి ఇబ్బంది పడ్డాడు. భారత్ నుంచి పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా సాయం పంపారని అంటారు. 1960 మే 23న గామా కన్నుమూశాడు.

గాచ్‌తో పోరులో ఎవరు గెలిచేవారన్న వాదన ఇప్పట్లో తెగదు. ఇరుగుపొరుగు కోసం వీధిలో నిలబడిన రోజు గురించి అలాంటి వాదన అక్కర్లేదు. పాతబస్తీ తాలీంఖానాల్లో ఉస్తాద్‌లు గామా పేరు చెప్పి పిల్లలకు దండ్‌లు తీయిస్తే, ఈ రెండో కథ కూడా చెప్పాలి.