సముద్రాన్ని కొలిచిన కూలివాని కొడుకు

కళింగపట్నం దీపస్తంభం దగ్గర నిలబడి సముద్రం చూసినప్పుడల్లా నాకు ఒక మనిషి గుర్తొస్తాడు. అతడు రాజు కాడు, జమీందారూ కాడు. ఇంగ్లండులో మార్టన్ అనే పల్లెలో 1728లో ఒక పొలం కూలీ ఇంట పుట్టిన జేమ్స్ కుక్. మాదీ వ్యవసాయ కుటుంబమే గనుక అతని కథ నన్ను అక్కడే పట్టేసింది.

తండ్రి పనిచేసే భూస్వామి చలవతో నాలుగక్షరాలు నేర్చి, కొన్నాళ్ళు కొట్లో కుదిరి, తర్వాత విట్‌బీ రేవులో బొగ్గు ఓడ ఎక్కాడు. తీరిక దొరికితే లెక్కలు, ఖగోళం చదివేవాడు. 1755లో మామూలు నావికుడిగా నౌకాదళంలో చేరి, 1768 నాటికి ఎండెవర్ ఓడకు నాయకుడయ్యాడు.

1769 జూన్ 3న తాహితి దీవిలో, శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని పరిశీలించాడు. సూర్యుడు మనకెంత దూరమో తేల్చడానికి ఆ కొలత కావాలి. అదే వింతను 1874లో మన విశాఖపట్నంలో అంకితం వెంకట నర్సింగరావుగారు పరిశీలించారని తెలిసి నా ఛాతీ పొంగింది!

తాహితి నుంచి కుక్ న్యూజిలాండు చేరి, ఆరు నెలలు చుట్టూ తిరిగి తీరమంతా పటంలోకి ఎక్కించాడు. 1770లో ఆస్ట్రేలియా తూర్పు తీరం, 1778లో హవాయి, అమెరికా వాయవ్య తీరం అతని పటాల్లో చేరాయి.

అయితే ఆ తీరాలు ఖాళీవి కావు. రాయాటియా దీవివాడైన తుపాయా ఓడలో ఉండి మావోరీలతో మాట కలిపాడు గనుక సరిపోయింది. అయినా దిగిన తొలి రోజుల్లోనే కొందరు మావోరీలు తుపాకులకు బలైపోయారు. స్థానికుల సమ్మతితోనే భూమి తీసుకోమని ఉత్తరువులున్నా, ఆస్ట్రేలియా తూర్పు తీరాన్ని ఎవరినీ అడక్కుండా తన రాజు పేర కట్టేశాడు. 1788లో ఇంగ్లీషువారు అక్కడ వలస పెట్టారు.

మా ఊళ్ళో సర్వే అంటే మా అయ్యకి ఆ రాత్రి నిద్రుండదు. ఒకసారి మా పది సెంట్లు పక్కవారి పేర పడిపోయి, తిరిగి రాబట్టుకోడానికి మూడేళ్ళు తిరిగాడు. కొలవడం తప్పు కాదు. కొలిచినవాడు ఎవరి పేర రాస్తాడన్నదే రైతు భయం.

1779 ఫిబ్రవరి 14న హవాయిలో, పోయిన పడవ కోసం అక్కడి రాజునే బందీగా పట్టబోయి, కుక్ ఆ జనం చేతుల్లోనే హతమయ్యాడు.

మిత్రులారా, కూలివాని కొడుకు పట్టుదల మనకు కావాల్సిందే. కాని రేపు మనలో ఎవరు కొలతబద్ద పట్టినా, ఆ నేల మీద నిలబడ్డ మనిషిని ముందు అడుగుదాం.