ఆటకు తూకం కట్టిన ఆచార్యుడు: అర్పాద్ ఎలో

చతురంగమనే పేరుతో భారతదేశంలో పుట్టిన ఆట పారశీకులకు చత్రంగ్ అయి, అరబ్బులకు షత్రంజ్ అయి, క్రమంగా లోకమంతటా వ్యాపించింది. మన కళాశాలలోనే ఒక బల్లకు ఇరువైపులా కూర్చున్న మిత్రులలో ఒకరు దానిని చదరంగమంటారు. మరొకరు షత్రంజ్ అంటారు. ఆట ఇంత ప్రాచీనమైనప్పటికీ, ఆటగాని బలాన్ని అంకెలలో శాస్త్రీయంగా కొలిచే విధానం మాత్రం ఇటీవలి కాలానిదే. దానిని రూపొందించినవారు ఒక భౌతికశాస్త్రాచార్యులు. ఆయనే అర్పాద్ ఎలో. నేడు కల్లూరులో కూర్చుండి ఫోనులో దూరదేశపు ప్రత్యర్థితో ఆడే విద్యార్థి పేరు ప్రక్కన కనిపించే సంఖ్యకు మూలం ఆయన ఆలోచనే.

ఎలో 1903 ఆగస్టు 25న హంగరీ దేశంలోని ఒక చిన్న గ్రామంలో జన్మించారు. 1913లో తల్లిదండ్రులతో అమెరికా చేరారు. షికాగో విశ్వవిద్యాలయంలో విద్యాభ్యాసం చేసి, మిల్వాకీ నగరంలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించారు. ఆయన స్వయంగా గట్టి ఆటగాడు. విస్కాన్సిన్ రాష్ట్రపు పోటీలలో ఎనిమిది పర్యాయాలు విజేతగా నిలిచారు. పగలు కొలతల శాస్త్రం బోధించే ఆచార్యుడు తీరిక వేళల్లో చదరంగపు బల్ల ముందు కూర్చుండడం ఆ ఆటకు కలిగిన భాగ్యమని చెప్పవచ్చు.

అప్పటికి అమెరికాలో 1950 నుండి హార్క్‌నెస్ అనే ఆయన ఏర్పరచిన పద్ధతి అమలులో ఉండేది. ఒక పోటీలో ఎదుర్కొన్న ప్రత్యర్థుల బలానికి సగటు కట్టి, సగం పాయింట్లు సాధించినవానికి ఆ సగటునే ఇచ్చి, అంతకు మించిన ప్రతి శాతానికి 10 చొప్పున కలిపేవారు. లెక్క సులువే గాని ఫలితం ఒక్కొక్కప్పుడు న్యాయంగా ఉండేది కాదు. దానిని సంస్కరించే బాధ్యతను 1959లో ఎలోకు అప్పగించారు.

ఎలో ఒక సామాన్య సత్యంతో ఆరంభించారు. ఏ మనిషీ ప్రతిదినం ఒకే తీరున ఆడడు. ఒకనాడు ఉజ్జ్వలంగా ఆడినవాడే మరునాడు తడబడతాడు. కనుక ఒక ఆటలోని గెలుపును మాత్రమే చూడక, ఆ గెలుపు ఎంతవరకు ఊహించదగినదో చూడాలి. ఇద్దరి సంఖ్యలు సమానమైతే ఒక్కొక్కరి నుండి సగం ఫలితాన్ని ఆశిస్తాము. 200 తేడా ఉంటే, బలవంతుని నుండి 100 ఆటలకు సుమారు 76 పాయింట్లు ఆశించవచ్చు. ఒక ఆటకు గరిష్ఠంగా 20 పాయింట్లు మారే లెక్కలో, ఆ బలవంతుడు గెలిస్తే అతనికి చేరేవి దాదాపు 5 మాత్రమే. బలహీనుడు గెలిచాడా, అతనికి 15 లభిస్తాయి. ఓడినవానికి 15 తగ్గుతాయి. పెద్ద పేరు ఉన్నవానికి ఓటమి ఖరీదు ఎక్కువ. చిన్నవాని సాహసానికి ప్రతిఫలం ఎక్కువ.

ఈ విధానాన్ని అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లోను స్వీకరించాయి. ఆ తరువాత చాలాకాలం ప్రపంచ ఆటగాళ్ల సంఖ్యలను ఎలో స్వయంగా లెక్కగట్టేవారు. 1978లో వెలువరించిన గ్రంథంలో గతకాలపు మేటి ఆటగాళ్ల బలాన్ని సైతం గణించారు. అయితే యువకులు బల్లమీది పావులకంటె తమ సంఖ్యనే ఎక్కువగా చూసుకోవడం ఆయనను కలవరపెట్టింది. 1992 నవంబరు 5న, 89వ యేట, ఆయన మరణించారు. అనంతరం గ్లిక్‌మన్ అనే గణాంకశాస్త్రవేత్త, ఒక సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చునో కూడా లెక్కలో చేర్చారు. నేటి ఆన్‌లైన్ పోటీలలో పలుచోట్ల ఆ సంస్కరణే వాడుకలో ఉన్నది.

సంఖ్య వేరు, బిరుదు వేరు. గ్రాండ్‌మాస్టరు కాగోరువాడు 2500 అందుకోవడమే గాక, నిర్ణీత పోటీలలో ఆ స్థాయి ఆటను పలుమార్లు నిరూపించాలి. పిదప సంఖ్య తగ్గినా బిరుదు పోదు. ఫోనులో వచ్చే సంఖ్యకు ఈ లెక్కలో చోటు లేదు. సమాఖ్య గుర్తించిన పోటీలో బల్ల ముందు కూర్చుండి ఆడవలసిందే.

ఇక్కడే మనం ఆలోచించవలసిన విషయం ఒకటి ఉన్నది. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిష్ విజేత. పూర్వ ప్రపంచ విజేత కాపాబ్లాంకాను సైతం ఓడించినవాడు. కాని ఒక సంపన్నుని ఆశ్రయంతో ఇంగ్లండు వెళ్లిన ఆయన, 1933లో స్వదేశానికి మరలిన పిదప అంతర్జాతీయ పోటీలకు దూరమయ్యాడు. 1966లో మరణించాడు. ప్రపంచ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదు ఇచ్చినది 2024లో! అదే తెలుగునేలపై గుడివాడలో జన్మించిన కోనేరు హంపి చిన్ననాటి నుండి పోటీలలో పాల్గొని, 2002లో 15వ యేటనే గ్రాండ్‌మాస్టరు అయింది. 2007లో 2600 దాటింది.

ఎలో తూకం కులం, మతం, ధనం ఎరుగదు. కాని బల్ల వద్దకు రానివానిని తూచజాలదు. మన కళాశాల కార్యవర్గం నాలుగు చదరంగపు బల్లలు సమకూర్చి, ఏటా కొందరినైనా గుర్తింపు పొందిన పోటీలకు పంపగలిగితే, ఈ మెట్టనేల బిడ్డలు కూడా తూకానికి వస్తారు. విద్యార్థి మిత్రులు గ్రహించవలసినది మరొకటి: సంఖ్యయినా, పరీక్షలోని ర్యాంకయినా నిన్నటి ఆటను మాత్రమే చెబుతుంది. రేపటి ఆట ఇంకా మన చేతిలోనే ఉన్నది.