మానవేంద్రనాథ రాయ్

స్వయముగా స్థాపించిన రాజకీయ పక్షమును సిద్ధాంతము కొఱకు తామే రద్దు చేసిన నాయకులు మిక్కిలి అరుదు. అట్టివారిలో మానవేంద్రనాథ రాయ్ అగ్రగణ్యుడు.

ఆయన అసలు పేరు నరేంద్రనాథ భట్టాచార్య. 1887వ సంవత్సరమున వంగదేశములోని అర్బేలియా గ్రామమున బ్రాహ్మణ కుటుంబములో జన్మించెను. చిన్ననాటనే విప్లవ సంఘములలో చేరి, జతీంద్రనాథ ముఖర్జీకి అనుచరుడై, 1915లో జర్మనుల ఆయుధములకై సముద్రములు దాటెను. ఆయుధములు లభింపలేదు. ఆ యేడే జతీంద్రనాథుడు బాలాసోరు వద్ద పోరాటమున గాయపడి మరణించెను. 1916లో నరేంద్రుడు అమెరికా చేరి రాయ్ అను క్రొత్త పేరు ధరించెను. న్యూయార్కు నగర గ్రంథాలయమున మార్క్సు రచనలను పఠించుటతో ఆయన జీవితము మలుపు తిరిగెను.

1919లో మెక్సికో కమ్యూనిస్టు పక్ష స్థాపనలో పాల్గొనెను. 1920లో మాస్కో మహాసభయందు వలస దేశముల సమస్యపై లెనినుతో వాదించి, తన అనుబంధ సూత్రములను సభచే ఆమోదింపజేసెను. 1929లో ఆ అంతర్జాతీయ సంస్థయే ఆయనను బహిష్కరించెను. మరుసటి యేట రహస్యముగా స్వదేశము చేరి, 1931లో బొంబాయిలో పట్టుబడి, 1936 వఱకు కారాగారమున నుండెను. ఆధునిక విజ్ఞానము తత్త్వచింతనను ఎట్లు మార్చెనో విచారించుచు అచ్చట వేలకొలది పుటలు వ్రాసెను.

1940లో కాంగ్రెసును వీడి రాడికల్ డెమొక్రటిక్ పార్టీని స్థాపించెను. ఫాసిజము గెలిచినచో ఏ జాతికిని స్వాతంత్ర్యము దక్కదని తలచి, యుద్ధమున మిత్రరాజ్యములను సమర్థించి, దేశీయులనేకుల నిందకు గురియయ్యెను. 1946 ఎన్నికలలో పార్టీ ఓడిపోయెను. 1948 డిసెంబరులో కలకత్తా సభయందు దానిని రద్దు చేసిరి.

ఓటమి యొక్కటే ఇందులకు కారణము కాదు. అధికారమునకై పోటీపడు పక్షములు ప్రజల బదులు తామే ఆలోచించుననియు, ఓటరు కేవలము సంఖ్యగా మిగులుననియు ఆయన గ్రహించెను. గ్రామగ్రామమున ప్రజాసంఘములు వెలసి, జనులు తమ వ్యవహారములను తామే చర్చించుకొని, ప్రతినిధులను నిలదీయగలిగిననే ప్రజాస్వామ్యము నిజమగునని బోధించెను. అందులకు ముందు కావలసినది విద్య. ఇరువదిరెండు సూత్రములుగా రూపొందిన ఆయన నవ్యమానవవాదమునకు స్వేచ్ఛ, హేతువు, నీతి మూలములు. పక్షములు లేక ప్రభుత్వమెట్లు నడచునను ఆక్షేపణకు పూర్తి సమాధానము లభింపలేదు; కాని ఆయన చూపిన రోగము అబద్ధము కాదు.

ఆంధ్రదేశమున ఆయన ప్రభావము గాఢముగా పడెను. రచయిత త్రిపురనేని గోపీచంద్ ఆంధ్ర రాడికల్ పార్టీకి కార్యదర్శిగా పనిచేసెను. తెనాలిలో ఆవుల గోపాలకృష్ణమూర్తి ఆ భావములను ప్రచారము చేసెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయాధికారియైన కవి అబ్బూరి రామకృష్ణారావు సైతము ఆ మార్గమున నడచెను.

1952లో ముస్సోరీ కొండలలో జారిపడిన రాయ్ తిరిగి పూర్తిగా కోలుకొనలేదు. 1954 జనవరి 25న డెహ్రాడూనులో కన్నుమూసెను. ఆయన పెట్టిన పార్టీ నేడు లేదు. పదిమంది గ్రామస్థులు ఒకచోట కూర్చుండి చదివి, ప్రశ్నించి, తమంత తాము నిర్ణయించుకొను చోట ఆయన ఆశయము సజీవమై యుండును.