నయోమివంటి తల్లి, పండిత రమాబాయి

రూతు గ్రంథము చదువునప్పుడు మనము రూతును మెచ్చుకొని, నయోమిని త్వరగా దాటిపోవుచుందుము. పరదేశములో భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని వట్టి చేతులతో బేత్లెహేమునకు తిరిగివచ్చిన స్త్రీ ఆమె. ఆ భాగమును ధ్యానించుచుండగా మన దేశపు స్త్రీ ఒకరు మాకు జ్ఞాపకమునకు వచ్చిరి.

పండిత రమాబాయి 1858వ సంవత్సరమున పశ్చిమ కనుమలలో గంగమూల అను అడవిలో జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే. స్త్రీలకు సంస్కృతము నేర్పరాదని పండితులు అడ్డగించినను వినక ఆయన భార్యయైన లక్ష్మీబాయికి నేర్పెను. ఆ తల్లి తెల్లవారకముందే చిన్న కుమార్తెను మేల్కొలిపి, ముద్దాడుచు పాఠము చెప్పెడిది. ఆ కుటుంబము ఇల్లు వాకిలి లేక, పుణ్యక్షేత్రములలో పురాణము చదువుచు, జనులు ఇచ్చినది తినుచు కాలినడకను తిరిగెను.

1870 దశకమున కరవు వచ్చెను. తిరుపతి కొండ ప్రాంతమున వారియొద్దనున్న గింజలు అయిపోయెను. చదువుకొన్నవారు అడుగుకొనుటకు సిగ్గుపడి అడవిలోనికి పోయి పదునొకండు దినములు నీళ్లతోను ఆకులతోను గడిపిరి. తండ్రి మరణించెను. కొలది కాలమునకే తల్లియు పోయెను. పాడె మోయుటకు నలుగురు కావలెను గదా! ఇద్దరు మాత్రమే ముందుకు వచ్చిరి. అన్న శ్రీనివాసుడు మూడవవాడు. నాలుగవ కొమ్మును రమాబాయియే పట్టెను. పొట్టిపిల్ల గనుక భుజమునకు అందక, తల్లి పాడెను తలమీద పెట్టుకొని మైళ్లకొలది నడచెను. మన పల్లెలో ఎంత బీదయింటనైనను పాడె పట్టుటకు మనుష్యులు దొరకుదురు. అది చిన్న మేలు కాదని మాకు తోచుచున్నది.

తరువాత అక్కయు పోయెను. అన్నాచెల్లెండ్రు వేల మైళ్లు నడచి 1878లో కలకత్తా చేరిరి. అక్కడి పండితులు ఆమె విద్యను చూచి పండిత, సరస్వతి అను బిరుదులిచ్చిరి. 1880లో అన్న మరణించెను. ఆ సంవత్సరమే ఆమె బిపిన్ బిహారి మేధావి అను వకీలును, కులము చూడక, వివాహమాడెను. 1881లో మనోరమ పుట్టెను. 1882లో కలరా భర్తను తీసికొనిపోయెను. అప్పటికామెకు ఇరువదినాలుగు ఏండ్లు నిండలేదు.

1883లో ఇంగ్లాండునందు తల్లియు బిడ్డయు బాప్తిస్మము పొందిరి. ఇక్కడితో కష్టములు తీరెనని చెప్పి కథ ముగించువారు కలరు. మేము ఆలాగు చెప్పజాలము. తిరిగివచ్చి 1889లో బొంబాయిలో విధవలకొరకు శారదా సదనము తెరచెను. ఆమె క్రైస్తవ భక్తినిబట్టి కొందరు తమ పిల్లలను తీసికొనిపోయిరి. 1896-97 కరవు కాలమున ఆమె తానే మధ్యపరగణాలకు వెళ్లి సుమారు 300 మంది విధవలను, బాలికలను వెంటబెట్టుకొని వచ్చెను. ఆకలి యెట్టిదో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. పూనా దాపున కేడ్గాములో బావులు త్రవ్వించి, తోటలు వేయించి, ముక్తి సదనము కట్టెను. నేత, కుట్టు, అచ్చుపని అక్కడి స్త్రీలు నేర్చుకొనిరి. గ్రుడ్డివారికి మనోరమ వ్రేళ్లతో తడవి చదువు అక్షరములు నేర్పెను.

తన తరువాత ఆ యింటిని కూతురే చూచుకొనునని తల్లి నమ్మియుండెను. 1921 జూలైలో, నలువది యేండ్లకే, మనోరమ మరణించెను. రమాబాయికి అప్పటికే చెవులు సరిగా వినబడవు. ఇట్టి వేళ ఆ గుమ్మము తొక్కి, అంతయు దేవుని చిత్తమని రెండు మాటలనుట కాపరులకు సులభము. నయోమి తన పేరే మార్చుకొనగోరినంత చేదును వాక్యము దాచలేదు. మనమేల దాచవలెను?

రమాబాయి బల్లయొద్దకు మరల వచ్చెను. హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని, చదువురాని పల్లెస్త్రీలకు సులభముగా నుండునట్లు పరిశుద్ధ గ్రంథమంతయు మరాఠీలోనికి తర్జుమా చేయుచుండెను. ఆ తొమ్మిది నెలలును అచ్చు కాగితములు దిద్దుచు గడిపెను. 1922 ఏప్రిల్ 5వ తేదీన నిద్రలో ప్రభువునందు కన్నుమూసెను. ఆ గ్రంథమునకు అక్షరములు కూర్చి అచ్చొత్తినవారు ముక్తి సదనములోని స్త్రీలే.