కూచిపూడిని ఊరు దాటించిన వెంపటి చినసత్యం

నర్సీపట్నంలో ఆడపిల్ల కాళ్లకు గజ్జెలు కట్టి కూచిపూడి చేస్తే ఇవాళ ఎవరికీ వింతగా అనిపించదు. వందేళ్ల కిందట మాత్రం ఇది జరిగే పని కాదు. అప్పట్లో ఈ ఆట మగవాళ్లది. అదీ కృష్ణా జిల్లాలోని ఒక్క ఊళ్లో, కొన్ని కుటుంబాల చేతిలోనే ఉండేది. సత్యభామ వేషం కూడా మగవాళ్లే కట్టేవాళ్లు. ఆ హద్దు చెరిపిన గురువుల్లో వెంపటి చినసత్యం పేరు గట్టిగా చెప్పుకోవాలి.

కూచిపూడి కథలో గోల్కొండకీ చోటుంది. కుతుబ్‌షాహీ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా భాగవతుల ఆట చూసి మెచ్చి, ఆ ఊరిని వాళ్లకు అగ్రహారంగా రాసిచ్చాడని చెబుతారు. అదే ఊళ్లో 1929లో చినసత్యం పుట్టారు. తాడేపల్లి పేరయ్య శాస్త్రి దగ్గర ఆట నేర్చుకుని, తర్వాత మద్రాసు చేరారు. అన్న పెదసత్యం అక్కడ సినిమాలకు డాన్సులు కూర్చేవారు. చినసత్యం కూడా సినిమా పని చేస్తూనే, వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి దగ్గర విద్యకు పదును పెట్టుకున్నారు.

1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. కులం, ఊరు అడ్డు లేకుండా ఆడపిల్లలకు నేర్పారు. ఊళ్లో రాత్రంతా సాగే ఆటకు పట్నం సభల్లో టైం ఉండదు. అందుకే మాటలు తగ్గించి, అడుగు తీర్చిదిద్ది, నృత్యనాటకాలుగా మలిచారు. భుజంగరాయ శర్మ రాస్తే, మన ఉత్తరాంధ్ర సాలూరుకు చెందిన పట్రాయని సంగీతరావు బాణీలు కట్టారు. క్షీరసాగర మథనం, శ్రీకృష్ణ పారిజాతం, చండాలిక అలా వచ్చినవే. మగ పాత్రలు కూడా అమ్మాయిలే వేశారు.

దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది. పాత ఆటలోని సంభాషణ, హాస్యం, జనంతో సరసం బాగా తగ్గిపోయాయని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. కానీ ఒక్క ఊరి మగపిల్లల మీదే ఆధారపడిన విద్య, వాళ్లు వేరే బతుకుతెరువు చూసుకుంటే ఏమైపోయేది?

అమెరికాలోనూ ఇలాంటి కథే నడిచింది. రష్యాలో బ్యాలే నేర్చిన జార్జ్ బాలన్‌చిన్ 1933లో న్యూయార్క్ వెళ్లారు. ముందు 1934లో బడి తెరిచారు. పేరున్న న్యూయార్క్ సిటీ బ్యాలే 1948లో గానీ రాలేదు. పరాయి గడ్డ మీద విద్య నిలబడాలంటే ముందు అక్కడి పిల్లలకు నేర్పాలని ఇద్దరికీ తెలుసు.

చినసత్యం శిష్యుల్లో మనకు దగ్గరి మనిషి శోభానాయుడు. 1956లో అనకాపల్లిలో పుట్టి, మద్రాసులో ఆయన దగ్గర నేర్చుకుని, హైదరాబాద్‌లో సొంత అకాడమీ నడిపి వందల మందిని తయారు చేశారు. 2020లో ఆమె చనిపోయారు. అమెరికాలో స్థిరపడ్డ శిష్యురాళ్లు అక్కడి తెలుగు పిల్లలకు నేర్పుతున్నారు.

1998లో చినసత్యానికి పద్మభూషణ్ వచ్చింది. 2012 జూలై 29న చెన్నైలో కన్నుమూశారు. సత్యభామ వేషానికి పెట్టింది పేరైన వేదాంతం సత్యనారాయణ శర్మ కూడా అదే ఏడాది వెళ్లిపోయారు. ఒకరు ఆ వేషాన్ని మగవాళ్ల చేతిలో శిఖరానికి చేర్చారు, ఇంకొకరు దాన్ని ఆడపిల్లల చేతికి అందించారు. పుష్కరం దాటిపోయింది. గజ్జెల చప్పుడు మాత్రం ఆగలేదు.