మైకు మెచ్చిన కంఠం

విజయనగరం నుండి సాలూరు పోవు రహదారిపై మన గజపతినగరం ఉన్నది. ఆ దారి రెండు కొసలకూ ఒక మహాగాయకుని జీవితంతో సంబంధమున్నది. విజయనగరంలో ఆయన సంగీతం అభ్యసించారు; ఆయనకు స్వరభిక్ష పెట్టిన గురువుగారిది సాలూరు. ఆ గాయకుడు కీర్తిశేషులు శ్రీ ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. మైక్రోఫోను అనే చిన్న యంత్రానికీ, ఆయన కంఠానికీ కుదిరిన మైత్రిని గురించి ఇక్కడ ముచ్చటింపదలచాను.

ఆయన 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ సమీపాన చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూర్యనారాయణ గారు తరంగాలు పాడుటలో దిట్ట. ఆ తండ్రి కుమారుని చిన్నతనంలోనే గతించారు. సంగీతం నేర్వాలన్న తపనతో బాలుడు చేతి ఉంగరం అమ్ముకొని విజయనగరం చేరాడని చెబుతారు. నాటి మహారాజా సంగీత కళాశాలకు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అధ్యక్షులు. 1919లో నెలకొన్న ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. దాసుగారు గజ్జెకట్టి నిలిచిరంటే ఏ యంత్రసహాయమూ లేకుండానే సభ కడపటి వరుసవరకు కంఠం మ్రోగేది. ఆ కాలపు గాయకులకు కంఠబలమే ప్రాణం. రంగస్థలంపై పద్యం పాడే నటునికీ అంతే.

ఘంటసాలను చేరదీసినవారు సాలూరు చినగురువుగారుగా ప్రసిద్ధులైన పట్రాయని సీతారామశాస్త్రి గారు. శిష్యునికి తిండి లేదు. జోలె కట్టుకొని వీధివీధి తిరిగి మధుకరం ఎత్తి, ఆ అన్నంతో విద్య పూర్తి చేసుకొన్నాడు. నేడు హాస్టలు భోజనం రుచిగా లేదని కినుక వహించే మిత్రులు ఈ సంగతి ఒకమారు తలచుకొందురు గాక! తరువాత 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని, బళ్లారి అలీపురం జైలులో శిక్ష అనుభవించారు.

విడుదలై, వివాహమాడి, సముద్రాల రాఘవాచార్యుల వారి ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. అక్కడ ఎదురైనది మైక్రోఫోను. ఆయన గొంతు మైకుకు పనికిరాదని మొదట ఒకచోట త్రోసిపుచ్చినట్లు ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ ఎంతవరకు నిజమైనా, అందులోని చిక్కు మాత్రం నిజమైనదే. మైకు వేయిమంది సభ కాదు. అది జానెడు దూరాన పెట్టిన ఒక్క చెవి. కడపటి వరుసకు వినిపించే బలంతో దాని ముందు పాడితే ధ్వని చిట్లుతుంది. ఒదిగి పాడినవానికి మాత్రం అది ఊపిరినైనా విడువక పట్టి ఇస్తుంది. విజయనగరంలో నేర్చిన విద్యను వదలకుండా, ఈ కొత్త చెవికి తగినట్లు కంఠాన్ని మలచుకొనుటే ఆ యువకుని ముందున్న పరీక్ష.

ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు, గ్రామఫోను రికార్డులలో పేకేటి శివరాం గారు ఆయనకు అవకాశాలిచ్చారు. 1944లో ‘సీతారామ జననం’లో బృందగానం, 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతి గారితో యుగళగీతం. ఆపైన ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ వంటి చిత్రాలకు స్వరరచన. ఇవన్నీ లోకవిదితాలే.

ఆనాడు పాట ఎట్లు ముద్రించేవారో నేటి విద్యార్థులకు వింతగా తోచవచ్చు. గాయకుడు, వాద్యబృందం ఒక్కచోట చేరి ఒక్క విడతలో ముగించాలి. వేణువు మిక్కిలి వినవస్తే వేణువాద్యకారుని నాలుగడుగులు వెనుకకు జరిపేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టవలసిందే. ధ్వనిలో హెచ్చుతగ్గులు ఎక్కువగా దూరాన్నిబట్టే తేలేవి.

1953 నాటి ‘దేవదాసు’ వినండి. తాగి సోలిన మనిషి తనలో తాను గొణుగుకొన్నట్లు వినిపించే ఆ స్వరం ఏ పందిరిలోనూ మూడవ వరుస దాటి ఉండేది కాదు. కరుణశ్రీ గారి ‘పుష్పవిలాపం’ పద్యాలూ అట్టివే. నాటకాలలో పద్యమంటే దీర్ఘమైన రాగాలాపన. ఆయన ఆ రాగాన్ని కుదించి, అర్థాన్ని ముందుకు తెచ్చారు. నా మట్టుకు ఆయన సినిమా పాటలకన్న ఈ పద్యాలే మిన్న. హిందూస్థానీ సంగీతమన్నా ఆయనకు మక్కువ మెండు. ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ గారిని మద్రాసులో తమ ఇంట ఉంచుకొని ఆదరించారు.

ఇంటి వీడియో కెమేరాకో, చేతి ఫోనుకో విడిగా మైకు కొనదలచిన మిత్రులు అడిగే ప్రశ్నకు కూడా జవాబు ఈ జానెడు దూరంలోనే ఉన్నది. కెమేరా కటకం దూరాన ఉన్న ముఖాన్ని దగ్గరకు లాగగలదు. దానిలోనే అమర్చిన మైకు ధ్వనిని అట్లు లాగలేదు. దూరం రెట్టింపైతే నేరుగా చేరే ధ్వనితీవ్రత నాలుగవ వంతుకు పడిపోతుంది. పంకా చప్పుడు, గోడల ప్రతిధ్వని మాత్రం తగ్గవు. కనుక ఉపన్యాసకునికి చొక్కాకు తగిలించే చిన్న మైకు, ఆడుతూ పాడే హరిదాసుకు అదే తీగలేని రకం, పాటగానికీ, ముషాయిరాలో షాయరుకూ చేతిమైకు తగినవి. పొడుగాటి గొట్టంవంటి మైకు ఆరుబయట కొంత నయమే గాని, ప్రతిధ్వనించే హాలులో అది చేసే మేలు స్వల్పం. కొనే ముందు కెమేరాకు మైకు తీగ చొప్పించే రంధ్రమున్నదో లేదో చూచుకోవాలి. ధర తరువాతి మాట. నోటికి చేరువగా నిలుపగలమా అన్నది ముందు మాట.

1970లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 1971లో ఐరోపా, అమెరికాలలో పర్యటించి కచేరీలు చేశారు. మరుసటి ఏడు హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతుండగా గుండెనొప్పి వచ్చి ఆస్పత్రి పాలయ్యారు. చక్కెర వ్యాధి అదివరకే పీడిస్తున్నది. అట్టి స్థితిలోనూ భగవద్గీత శ్లోకాలను పాడి, వాటి తాత్పర్యాన్ని తామే తెలుగులో పలికి రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. గీత రికార్డు ఆ తరువాతనే లోకానికి అందింది. అందులో తాత్పర్యం చెప్పే భాగాలను శ్రద్ధగా వినాలి. అవి పాట కావు, ఉపన్యాసమూ కావు. ఎదుట కూర్చున్న ఒక్కనికి మెల్లగా చెబుతున్నట్లుంటాయి. గుడి గోపురంపై కట్టిన పాత బాకా లౌడుస్పీకరు ధ్వనిలోని మంద్రమంతా మింగివేస్తున్నా, ఆ గొంతు ఎవరిదో మన పల్లెలలో ఎవరినీ అడుగవలసిన పని లేదు.