దేవుడు లేడన్న మంచి మనిషి - గోరా గారు

గోరా గారి అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. ఆయన 15-11-1902న గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టారు. అది ఇప్పుడు ఒడిశాలో ఉంది. వాళ్లది బ్రాహ్మణ కుటుంబం. మద్రాసులో చెట్ల శాస్త్రం చదివి కాలేజీ మాస్టారయ్యారు. 1922లో సరస్వతి గారితో పెళ్లయింది. అప్పుడు ఆవిడకి పదేళ్లే. నాకన్నా నాలుగేళ్లు చిన్న!

దెయ్యాలున్నాయని ఎవ్వరూ చేరని ఇంట్లో వీళ్లు కావాలనే ఉన్నారు. ఏమీ కాలేదు. సరస్వతి గారు కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజున బయటికి వచ్చారు. నేనైతే చీకట్లో మా గూడెం చింతచెట్టు కిందికే పోను. 1928లో గోరా గారు జంధ్యం వద్దన్నారు, వాళ్ల నాన్న ఇంట్లోంచి పంపేశారు. దేవుడు లేడని చెప్పినందుకు 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నంలోనూ నిలవలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకి మారింది.

ఇదంతా చెబితే మా తాత ఒప్పుకోలేదు. దేవుడంటే భయం లేకపోతే ఒకడి చేను ఇంకొకడు కోసుకుపోడా అన్నాడు. మరి వేరేవాళ్ల చెట్టు కింద ఇప్పపూలు మనం ఎందుకు ఏరం అని అడిగాను. తెల్లారితే వాళ్ల మొహం చూడాలి కదా అన్నాడు. గోరా గారు చెప్పింది కూడా దాదాపు ఇదే అని నాకు అనిపించింది. మనుషులు ఒకరి మీద ఒకరు ఆధారపడి బతుకుతారు, అందుకే అబద్ధం, దొంగతనం ఉండకూడదు అనేవారు. దేవుడు లేడు కాబట్టి మనం చేసినదానికి మనమే జవాబు చెప్పాలి, తలరాత అని కూర్చుంటే అంటరానితనం ఎప్పటికీ పోదు అనేవారు.

ఊరికే అనలేదు, చేశారు. కులాలన్నీ కలిపి భోజనాలు పెట్టించారు. పెద్దమ్మాయి మనోరమ గారిని హరిజనుడైన అర్జునరావు గారికి ఇచ్చారు. గాంధీ గారికి దేవుడంటే ఎంతో నమ్మకం. అయినా ఆ పెళ్లి తన ఆశ్రమంలో చేయిస్తానన్నారు. దేవుడి పేరు వచ్చే చోట సత్యం అని పెట్టడానికి కూడా ఒప్పుకున్నారు. కానీ 30-1-1948న ఆయన్ని చంపేశారు. పెళ్లి ఆగలేదు. 13-3-1948న సేవాగ్రాంలోనే జరిగింది. ఇది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

పిల్లల పేర్లు చూడండి. ఉప్పు సత్యాగ్రహం అప్పుడు పుట్టినాయన లవణం, యుద్ధం అప్పుడు పుట్టినాయన సమరం, తొమ్మిదో బిడ్డ నౌ. హిందీలో నౌ అంటే తొమ్మిదే!

నేను మాత్రం చిక్కుడు కొత్తల పండగ మానను. కానీ దేవుణ్ణి నమ్మనోళ్లు చెడ్డోళ్లు అని ఎవరన్నా అంటే ఈ పెళ్లి సంగతి చెబుతాను.

గోరా గారు 26-7-1975న విజయవాడలో సభలో మాట్లాడుతూనే చనిపోయారు. సరస్వతి గారు 2006 దాకా ఉన్నారు.

- 9వ తరగతి విద్యార్థిని